సగం తెర చూసిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు బాపట్లలో, ఆఫీసులో మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుస్తుంటే వచ్చింది. ఫోన్ చేసింది పిన్ని, అంటే పెద్దమ్మ తోడికోడలు. "అక్క పోయిందమ్మా. పొద్దున కాఫీ తాగి పడుకుంది, మళ్ళీ లేవలేదు," అంది. అప్పటికి మా బల్ల చుట్టూ ముందురోజు సీరియల్ మీద వాదన జోరుగా నడుస్తోంది. చిన్నరాణి పెద్దరాణి అంతఃపురానికి తాళం వేయించిందట. "దాన్ని చెప్పుచ్చుకు కొట్టాలండి," అంటోంది పక్క సీటావిడ. నేను డబ్బా మూసేసి స్టేషనుకు వెళ్ళాను. తెనాలి బండెక్కి కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. రేపల్లెలో పుట్టి తెనాలి కోడలై వచ్చింది. పిల్లల్లేరు. పెదనాన్న పోయాక కూడా మరిది కుటుంబంతో ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పిన్ని బడిలో టీచరు. కాన్పు సెలవు అయిపోగానే పిల్లను పెద్దమ్మ ఒళ్ళో పెట్టి ఉద్యోగానికి వెళ్ళింది. అప్పట్నించి ఆ పిల్లకు నీళ్ళు పోసిందీ, జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ పెద్దమ్మే. ప్రతి ఆదివారం నూనె రాసి, తను విసిరిన సున్నిపిండితో నలుగు పెట్టి తలంటేది. పిల్ల ఇంజనీరింగు చదివే రోజుల్లో కూడా ఆ తలంటు తప్పలేదు.

సాయంత్రం రాణుల సీరియల్ మొదలైతే ఆ ఇల్లు రాజదర్బారు అయిపోయేది. సోఫాలో బాబాయి, పిన్ని. పక్కింటి మామ్మగారికి ప్లాస్టిక్ కుర్చీ. పెద్దమ్మ మాత్రం వంటింటి తలుపు పక్కన పీట మీద కూర్చునేది, పొయ్యి మీద పులుసు చూసుకోవాలి గనక. అక్కడికి ఫ్రిజ్ అడ్డమొచ్చి టీవీ సగమే కనిపిస్తుంది. నేను వెళ్ళినప్పుడల్లా హాల్లోకి రమ్మని చెయ్యి పట్టుకు లాగేదాన్ని.

"నాకు రాజుగారి కిరీటం సగం కనపడుద్ది, చాల్లే. మిగతా సగం వీళ్ళ తిట్లు వింటే తెలిసిపోద్ది," అనేది.

నిజంగానే తెలిసిపోయేది. చిన్నరాణి తెర మీదికి రాగానే మామ్మగారు మెటికలు విరిచేది. సీరియళ్ళు ఆడవాళ్ళ గోల అనే బాబాయి, పెద్దరాణికి కష్టమొస్తే పేపరు పక్కన పడేసి కూర్చునేవాడు. పిన్ని అదే కథను తన సొంత చెల్లెలికి ఫోన్లో చెప్పి రెండోసారి ఏడ్చేది. చిన్నరాణి తరఫున మాట్లాడేది పెద్దమ్మ ఒక్కతే.

"అది చెడ్డది కాదే. భయస్తురాలు. పక్కన ఇంకో మనిషి నిలబడితే తన చోటు పోద్దని భయం. దానికెవరూ చెప్పలేదు, చోటు అట్టా పోదని."

అందరూ నవ్వేవాళ్ళు. మామ్మగారైతే "నువ్వూ ఒక పిచ్చిదానివే," అని తీసిపారేసేది.

సరిగ్గా పిల్ల పెళ్ళి ముందు వారమే సీరియల్లో యువరాజు పట్టాభిషేకం వచ్చింది. కన్నది చిన్నరాణి, పెంచింది పెద్దరాణి. పిల్లల్లేని చేత్తో తిలకం దిద్దితే అరిష్టమని చిన్నరాణి ఆవిణ్ణి సభ గుమ్మం బయటే ఆపించింది. ఆ రోజు నేను తెనాలిలోనే ఉన్నాను. పిన్ని పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "పెంచిన తల్లిని బయట నిలబెడతారా? వీళ్ళ కళ్ళు పోనూ," అంది. ఆ మాట నేను చెవులారా విన్నాను. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

పెళ్ళికూతుర్ని చేసే రోజు తెల్లవారుజామునే పెద్దమ్మ తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, సున్నిపిండి గిన్నెతో పెరట్లోకి వచ్చింది. ముత్తయిదువలు వరసగా నిలబడి ఉన్నారు. పిన్ని ఎదురొచ్చి గిన్నె అందుకుంది. గొంతు పెంచలేదు, మొహం మాడ్చలేదు.

"అక్కా, వంటవాళ్ళకి దగ్గరుండి చెప్పేవాళ్ళు లేరు. నువ్వు కాస్త లోపల చూసుకుంటావా?"

పెద్దరాణిని ఆపింది పిల్లల్లేరని. పెద్దమ్మను ఆపింది పెదనాన్న లేడని. "వాళ్ళు చూసుకుంటారులే పిన్నీ, పెద్దమ్మని ఉండనీ," అన్నాను నేను. ఎవరూ వినలేదు. "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఏంటమ్మా నీ గొడవ," అంది మామ్మగారు. పీట మీద కూర్చున్న పిల్ల ఒకసారి తల తిప్పి, "పెద్దమ్మేది?" అంది. వంటలో ఉందన్నారు. నూనె కళ్ళలోకి కారుతుంటే అది కళ్ళు మూసుకుంది. మొదటి చెంబు నీళ్ళు ఎవరో పోశారు.

నేను వంటింట్లోకి వెళ్ళేసరికి పెద్దమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. వంటవాళ్ళు చేయవలసిన పని అది. "నువ్వెందుకు ఊరుకున్నావు?" అని నేను గట్టిగానే అడిగాను.

"సీరియల్లో అయితే తప్పు జరిగే చోట మ్యూజిక్కు వాయిస్తారే. జనానికి తెలుస్తుంది, ఏడుస్తారు. ఇంట్లో ఎవరు వాయిస్తారు?" అంది.

ఆ తర్వాత ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. పీట మీద కూర్చుని సీరియల్ చూడడం మానలేదు, చిన్నరాణిని వెనకేసుకు రావడమూ మానలేదు. అది క్షమించడమో, అలిసిపోవడమో నాకు తెలియదు. నేను మాత్రం క్షమించలేదు. ఆవిడ దగ్గర నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి, ఇది ఒక్కటి నాకు చేతకాలేదు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర పిన్ని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. "అక్క లేకపోతే ఈ ఇల్లే లేదండి. నా బిడ్డకి అసలు తల్లి ఆవిడే."

"ఈ మాట పెళ్ళికూతుర్ని చేసినరోజు అనాల్సింది పిన్నీ," అన్నాను. ఆవిడ వినపడనట్టు పెరుగు గిన్నె తీసుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయింది. పిల్లకు వినపడింది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, విస్తరి వైపే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రానికి చుట్టాలు వెళ్ళిపోయారు. పెద్దమ్మ ఫోటో పెట్టడానికి హాల్లో చోటు వెతికారు. సోఫా వెనక గోడకు మేకు ఉంది, అక్కడ తగిలించి దండ వేశారు. మామ్మగారు తన కుర్చీ తెచ్చుకుంది. "ఆవిడకీ ఇష్టమే కదా," అంటూ బాబాయి టీవీ పెట్టాడు. తాళం వేసిన అంతఃపురంలో పెద్దరాణి ఒంటరిగా కూర్చుని ఉంది, వెనక వీణ వాయిస్తున్నారు. పిన్ని చెంగు కళ్ళకు అద్దుకుంది.

వంటింటి తలుపు పక్కన పీట గోడకు ఆనించి ఉంది. వీళ్ళ తలల పైనుంచి పెద్దమ్మ చూస్తోంది. అక్కణ్ణించి ఫ్రిజ్ అడ్డం రాదు, తెర మొత్తం కనపడుతుంది.