ఉప్పు మూట

నిన్న పొద్దున చలికి మోకాలు పట్టేస్తే పెనం మీద దొడ్డుప్పు వేయించి పాత చీర ముక్కలో మూట కట్టాను. ఆ వేడి గుడ్డ వాసనకు చిన్నప్పుడు మేమున్న సాతంరాయి, అక్కడ మా అమ్మ గుర్తొచ్చారు.

అమ్మ గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి పనిచేసేది. చలికాలంలో పొద్దున్నే ఆమె మోకాళ్లు వంగేవి కావు. పొయ్యి ముందు కూర్చుని ఉప్పు మూటతో కాపడం పెట్టుకునేది. నేను దిగులుగా చూస్తుంటే, "పరేషాన్ గాకు బిడ్డా, నొప్పంత ఈ ఉప్పే గుంజుకుంటది" అనేది.

నాకప్పుడు ఏడేళ్లు. నొప్పి నిండిన ఉప్పునే రోజూ మళ్లీ కాళ్లకు పెట్టుకుంటోందని నాకు భయమేసింది. ఒకరోజు అమ్మ లేవకముందే మూట విప్పి ఉప్పంతా ఇంటి ముందు మురికి కాలువలో పారబోశాను.

అమ్మ ఖాళీ గుడ్డ పట్టుకుని, "ఉప్పేదే?" అంది.

"నొప్పంత దాంట్లనే ఉంది గదమ్మా, మోరీల పారబోసిన. ఇగ నీ కాళ్లు నొవ్వయి."

ఇంట్లో వేరే ఉప్పు లేదు. అమ్మ కోప్పడలేదు. కాసేపు నా మొహంలోకి చూసి, గోడ పట్టుకుని లేచింది.

"అవ్ బిడ్డా, పోయింది" అంది.

టిఫిన్ డబ్బా పట్టుకుని వీధి మలుపు దాకా కుంటకుండా నడిచింది. నేను గుమ్మంలో నిలబడి సంతోషంతో గంతులేశాను. మలుపు తిరిగాక ఎలా నడిచిందో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.