పెట్రోలు మూతకు తాళం

అమీర్‌పేటలో హనుమత్ప్రసాద్ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘టెస్టింగ్ సార్’ అంటే మాత్రం మిర్చిబజ్జీల బండివాడు కూడా చెయ్యి చూపించి, ఆ మెట్లెక్కండి అంటాడు. మైత్రీవనం వెనక సందులో కింద జిరాక్సు షాపు, దానిమీద బాయ్స్ హాస్టలు, ఆపైన రేకులు కప్పిన హాలు. ఆ హాల్లో కుర్రాళ్లంతా చెమటలు కక్కుతూ భుజాలు ఒరుసుకుని కూర్చుంటే, ఆయన మైకు పట్టుకుని సాఫ్ట్‌వేరులో తప్పెక్కడుందో కనిపెట్టడం ఎలాగో చెప్పేవాడు.

ఆయన ఏ సాఫ్ట్‌వేరు కంపెనీలోనూ ఒక్క పూట పని చేసిన మనిషి కాదు. ఒకప్పుడు తణుకులో టైపూ షార్ట్‌హ్యాండూ నేర్పేవాడు. టైపు మిషన్ల దగ్గరికి జనం రావడం మానేశాక బెంచీలన్నీ లారీకెత్తించి హైదరాబాదు వచ్చేశాడు. అప్పట్నుంచీ బెంచీలు అవే, బోర్డే మారుతూ వచ్చింది. బయట ఏ ఉద్యోగాలు ఊడితే ఆ కోర్సు పేరు మీద తెల్లరంగు కొట్టించి, ఏ ఉద్యోగాలు పుడితే ఆ పేరు రాయించేవాడు. పెయింటరుకు స్పెల్లింగు మాత్రం అప్పటికప్పుడు చెప్పేసేవాడు. పాఠం సంగతి క్లాసుకు ముందురోజు చూసుకునేవాడు. అయినా మంచి టీచరే, అది ఒప్పుకోవాలి. తనకు సగం తెలిసిన విషయాన్ని ఎదుటివాడికి పూర్తిగా అర్థమయ్యేలా చెప్పగలిగేవాడు.

“దేన్నీ నమ్మొద్దు. ఎవర్నీ నమ్మొద్దు. అనుమానించేవాడే టెస్టరు.” ఏ బ్యాచికైనా మొదటి రోజు మొదటి మాట ఇదే. కుర్రాళ్లు దాన్ని రాసుకుని అక్కడితో వదిలేసేవాళ్లు. ఆయన అలా వదిలేసే రకం కాదు, ఇంట్లో కూడా ఆచరించేవాడు. శ్రీనగర్ కాలనీలో పాలవాడు గుమ్మంలోకి రాగానే పాలలో వేలు ముంచి చూసేవాడు. భార్య అరుణాదేవి వంటగదిలోంచి, “ఏవండీ, ఆ వేలు కడుక్కున్నారా?” అని అడిగేది. ఆ ప్రశ్నను ఆయన ఏనాడూ పట్టించుకోలేదు.

ఆయనకో ముసలి ఫియట్ కారుండేది. రిటైరైన ఒక ఇంజనీరు దగ్గర కొన్నది. పాలమీగడ రంగు, లోపల రెగ్జిను సీట్లు, హారను మాత్రం లారీది. దాన్ని నడపడానికి మొగిలయ్య అనే డ్రైవరుండేవాడు. జనగామ దగ్గర సేద్యం చేసి, బోరు ఎండిపోయాక యూసుఫ్‌గూడకు వచ్చి చేరిన మనిషి. మాట తక్కువ. కారును రోజూ తుడిచేవాడు, ఎందుకంటే సార్ రోజూ అద్దం మీద వేలుతో గీసి చూసేవాడు.

ఆ ఏడు పెట్రోలు ధర పెరుగుతూనే ఉంది. పంజాగుట్టలో ఫ్లైఓవర్ కోసం రోడ్డంతా తవ్వి పోయడంతో ముందుకు కదలకుండానే బోలెడు పెట్రోలు కాలిపోయేది. హనుమత్ప్రసాద్ ఈ రెండు కారణాల్నీ పక్కన పెట్టి మూడోది కనిపెట్టాడు. తాను పైన క్లాసు చెబుతుంటే కింద మొగిలయ్య పైపు పెట్టి పెట్రోలు లాగేస్తున్నాడు! రుజువేమీ లేదు. కానీ అనుమానించేవాడే కదా టెస్టరు. ఒక సాయంత్రం పంజాగుట్ట ఫుట్‌పాత్ మీద స్టీరింగు తొడుగులు, డాష్‌బోర్డు దేవుళ్లు అమ్మేవాడి దగ్గర తాళం వేసుకునే పెట్రోలు మూత ఒకటి కొన్నాడు.

“ఇది ఫియట్‌కి సరిపోతుందా?” అని అడిగాడు.

“ఏ బండికైనా పడ్తది సార్, మస్తు టైటుగ,” అన్నాడు అమ్మేవాడు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం.

మొగిలయ్య చూస్తుండగానే పాత మూత తీసేసి కొత్తది బిగించి తాళం వేశాడు. తాళంచెవిని మెడలో గొలుసుకు, వెంకటేశ్వరస్వామి లాకెట్టు పక్కన తగిలించుకున్నాడు. “ఈ రోజుల్లో సెక్యూరిటీ ముఖ్యమయ్యా,” అన్నాడు. మొగిలయ్య గుడ్డ తీసుకుని అద్దం తుడవసాగాడు. ఆ తుడవడం కూడా ఆయనకు అనుమానంగానే తోచింది.

ఆ వారంలోనే కారు మొరాయించడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర చక్కగా స్టార్టయ్యేది. పంజాగుట్ట చౌరస్తా దాకా వచ్చి, దగ్గి, రెండు కుదుపులిచ్చి ఆగిపోయేది. వెనక బస్సువాడు, ఆ వెనక ఆటోలవాళ్లు హారన్లు మోగించేవాళ్లు. మొగిలయ్య తాళం తిప్పితే గర్ర్ గర్ర్‌మనడమే తప్ప అంటుకునేది కాదు.

“ఏంటయ్యా ఇది?”

“తెల్వదు సార్, మంచిగనే వచ్చింది. ఒక్కసారే బందయింది.”

“క్లచ్ సరిగ్గా వదిలావా?”

“ఇరవై ఏండ్ల నుంచి గిట్లనే వదుల్తున్న సార్.”

హనుమత్ప్రసాద్ దిగి మొగిలయ్యను నాలుగు చీవాట్లు పెట్టేవాడు. తర్వాత పెట్రోలుందో లేదో చూడ్డానికి కారు వెనక్కి వెళ్లేవాడు. గొలుసు పొట్టిది, తాళంచెవి దానికే ఉంది. అందుకని మెడ వంచి, ముఖం కారుకు ఆనించి, మూత తాళం తీయాల్సి వచ్చేది. దూరం నుంచి చూసేవాళ్లకు పెద్దాయన కారుకు మొక్కుతున్నట్టే ఉండేది. లోపలికి తొంగిచూస్తే పెట్రోలు నిగనిగలాడుతూ కనిపించేది. మళ్లీ మూత వేసి, మెడ విదిలించుకుని, “ఇప్పుడు కొట్టు,” అనేవాడు. మొగిలయ్య తాళం తిప్పగానే బండి అంటుకునేది!

ఒకసారి కాదు, ప్రతిసారీ ఇదే తంతు. మొగిలయ్య ఒక్కడే అరుణాదేవిని గుడికి తీసుకెళ్లినప్పుడు కారు నడిరోడ్డున ఆగిపోయి ఎంత కొట్టినా కదల్లేదు. హనుమత్ప్రసాద్ క్లాసు ఆపేసి ఆటోలో వచ్చి, తిట్టి, పెట్రోలు చూసి, “కొట్టు,” అన్నాడు. అంతే, అంటుకుంది. అరుణాదేవి పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని మొగుడి వంక ఆశ్చర్యంగా చూసింది. పెళ్లయ్యాక ఆమె అలా చూడటం అదే మొదలు. ఆయనకు భుజాలు ఒక అంగుళం పెరిగాయి.

“మిషన్లకు మనిషి తెలుస్తుందే,” అన్నాడు. “టైపు మిషన్లు కూడా నా మాట వినేవి.”

అయినా శాస్త్రీయంగా వెళ్లాలి కదా అని యూసుఫ్‌గూడలో రాజనర్సయ్య షెడ్డుకు పంపాడు. రాజనర్సయ్య బానెట్టు ఎత్తి, చెవి ఆనించి, “ప్లగ్గులు పోయినయ్,” అన్నాడు. ప్లగ్గులు మార్చారు. కారు ఆగింది. “కార్బొరేటర్ల చెత్త,” అన్నాడు. కడిగారు. ఆగింది. “పంపు,” అన్నాడు, “కాయిల్,” అన్నాడు, చివరికి, “బండికి దిష్టి తగిలింది సార్,” అని తానే ఒక నిమ్మకాయ కట్టి పంపాడు. ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పే ప్రమోద్ అయితే కారులో ఒక్కసారీ కూర్చోకుండానే, “మెమరీ లీక్ లాంటిదేదో ఉంటుంది సార్, ఒకసారి రీస్టార్ట్ చేస్తే పోతుంది,” అన్నాడు. చేస్తున్నది అదేనని హనుమత్ప్రసాద్ చెప్పలేదు.

ఆ శీతాకాలంలో ఆయన ఒక ప్లేస్‌మెంట్ మేళా పెట్టాడు. బంజారా హిల్స్‌లోని ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ విభాగం చూసే నవీన అనే ఆవిడ పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడానికి ఒప్పుకుంది. వరంగల్ పిల్ల, చురుకైన మనిషి. ఆటోలో రమ్మంటే మర్యాదగా ఉండదని హనుమత్ప్రసాద్ స్వయంగా ఫియట్‌లో బయల్దేరాడు. కొత్త టై కట్టుకున్నాడు. గొలుసు కొక్కెం ఊడిందని అరుణాదేవి అంతకుముందే దాన్ని కంసాలికిచ్చింది, తాళంచెవితో సహా.

నవీనను ఎక్కించుకుని తిరిగి వస్తుంటే పంజాగుట్ట చౌరస్తాలో కారు దగ్గింది, కుదిపింది, ఆగింది.

“కంగారు పడకండి మేడమ్,” అని హనుమత్ప్రసాద్ ధీమాగా దిగాడు. మొగిలయ్యను తిట్టాడు. బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు. “ఇప్పుడు కొట్టు.” గర్ర్‌మంది. అంటుకోలేదు. ఇంకొంచెం గట్టిగా తిట్టాడు. గర్ర్‌మంది. హారన్లు మిన్నంటాయి. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి, “బండి పక్కకు తియ్ పెద్దాయనా, ఆఫీసులకు వొయ్యే టైమ్ల గిట్ల ఆరాంగ నిలవడ్తవా ఏంది,” అన్నాడు. ముగ్గురూ కలిసి కారును తవ్విపోసిన మట్టి పక్కకు నెట్టారు. నవీన చీరకు మట్టంటింది. హనుమత్ప్రసాద్ టై భుజం మీదికెక్కింది.

“రోజూ ఇలాగే ఆగిపోతుందా సార్?” అడిగింది నవీన, చేతులు దులుపుకుంటూ.

“ఆగుతుంది, కానీ నేను దిగితే స్టార్టవుతుంది మేడమ్. ఇవాళే ఎందుకో…”

“మీరు దిగి ఏం చేస్తరు? వరసగ చెప్పండి.”

ఆ ప్రశ్న ఎక్కడో విన్నట్టనిపించింది ఆయనకు. రోజూ తానే చెప్పే పాఠంలోది. “ముందు దిగుతాను. మొగిలయ్యను… కాస్త మందలిస్తాను. పెట్రోలు చూస్తాను. మూత వేస్తాను. కొట్టమంటాను.”

“ఇవాళ ఇందులో ఏది చెయ్యలే?”

“తిట్టుడైతే అయింది మేడం,” అన్నాడు మొగిలయ్య. “రెండుసార్లయింది.”

నవీన నవ్వు ఆపుకుంది. హనుమత్ప్రసాద్ చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లింది. గొలుసు లేదు. “పెట్రోలు చూళ్లేదు,” అన్నాడు. “తాళంచెవి కంసాలి దగ్గర ఉండిపోయింది.”

“అయితే మూత విరగ్గొట్టి చూద్దాం. పోయేదేముంది?”

మొగిలయ్య స్క్రూడ్రైవరు తెచ్చి మూత కింద దూర్చి బలంగా ఎత్తాడు. మూత లేస్తూనే ట్యాంకు, ఎన్నాళ్లనుంచో మునిగి ఉన్న మనిషి పైకి తేలి ఊపిరి పీల్చినట్టు, హుస్స్‌మని గాలి లాక్కుంది. ముగ్గురికీ వినిపించింది. కానిస్టేబులు కూడా వెనక్కి తిరిగి చూశాడు. మొగిలయ్య వెళ్లి తాళం తిప్పాడు. అంటుకుంది.

ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది. పాత మూతకు గాలి పోవడానికి చిన్న కన్నం ఉండేది. కొత్తదానికి లేదు. పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు ముందుకు రాదు. మూత తీస్తే గాలి దూరుతుంది, కాసేపు నడుస్తుంది. ఇన్నాళ్లూ కారు ఆయన చేతికి లొంగలేదు, గాలికి లొంగింది. అమీర్‌పేట దాకా ట్యాంకు నోట్లో గుడ్డ కుక్కి వెళ్లారు. కారు ఒక్కసారి కూడా దగ్గలేదు. మొగిలయ్య అద్దంలోంచి చూస్తూ మెల్లిగా అన్నాడు.

“గా మూత నా మీద అనుమానంతోనే పెట్టిన్రు గద సార్.”

“లేదయ్యా, అది సెక్యూరిటీ…” అని మొదలుపెట్టి ఆగిపోయాడు ఆయన. పక్కన నవీన కిటికీలోంచి బయటికి చూస్తోంది, వింటూనే ఉంది.

“నాకు మొదటి దినమే తెల్సు సార్,” అన్నాడు మొగిలయ్య, గేరు మారుస్తూ.

మేళా బాగానే జరిగింది. నవీన ఇద్దరు పిల్లల్ని తీసుకుంది, ఇద్దరూ తమకు అనుభవం లేదని నిజం చెప్పినవాళ్లే. మిగతావాళ్లు మూడేళ్ల అనుభవం ఉందని చెప్పి, ఏం చేశారంటే తెల్లముఖాలు వేశారు. ఆ అనుభవం వాళ్లకు ఎవరు నేర్పారో ఆవిడ అడగలేదు. హనుమత్ప్రసాద్‌కు అది మరీ బాధగా ఉంది.

వారం తిరిగేసరికి ఆయన కోలుకున్నాడు. ‘మూలకారణం పట్టుకోవడం ఎలా’ అని ఒక కొత్త పాఠం చేర్చాడు. ఒక క్లయింటు కారు ఆగిపోతుండటం, తాను మెల్లగా విచారించి, ఒక్కొక్క అడుగూ పరీక్షించి, చివరికి మూత దగ్గరికి చేరటం అద్భుతంగా చెప్పాడు. ట్యాంకు గాలి పీల్చిన చప్పుడు మైకులో నోటితో చేశాడు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

మూడో బెంచీలోంచి సంహిత అనే అమ్మాయి లేచింది. “సార్, ఆ క్లయింటు మూతకి తాళం ఎందుకు వేయించాడు?”

“డ్రైవరు మీద అనుమానంతో.”

“మరి తర్వాత ఆ డ్రైవరుకి సారీ చెప్పాడా సార్?”

“అది మన సిలబస్‌లో లేదమ్మా,” అన్నాడు హనుమత్ప్రసాద్. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తర్వాత బోర్డు వైపు తిరిగి ఏదో రాయబోయాడు, ఏం రాయాలో గుర్తు రాలేదు. చాక్‌పీసు అక్కడే పెట్టేసి, “అయిదు నిమిషాలు,” అని చెప్పి మెట్లు దిగాడు.

మొగిలయ్య కారుకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. సార్ క్లాసు మధ్యలో దిగి రావడం చూసి గబుక్కున గ్లాసు కింద పెట్టాడు.

“తప్పు నాదేనయ్యా,” అన్నాడు హనుమత్ప్రసాద్, ఒగరుస్తూ.

“ఏమైంది సార్? బండి ఎవరన్న గుద్దిన్రా?” అని మొగిలయ్య కంగారుగా కారు చుట్టూ తిరిగి చూశాడు.

“బండికేం కాలేదు. ఆ మూత సంగతి. నిన్ను అనుమానించడం తప్పు. అదీ నే చెప్పేది.”

మొగిలయ్య ఎన్నడూ వినని మాట విన్నట్టు తల గోక్కున్నాడు. చివరికి, “అయితే సార్,” అన్నాడు, “రేపు నాకు జర సెలవు కావాలె.”

“తీసుకో,” అన్నాడు హనుమత్ప్రసాద్. ఎందుకని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడక్కుండా మెట్లెక్కాడు. ఆ పూట ఆయన నేర్చుకున్నది అంతే, అది కూడా చాలా కష్టపడి.