వైరు కూడా వస్తుందా?

మా అన్న బుర్హాన్ ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. ఇర్బిద్‌లో, యూనివర్సిటీ వీధి వెనక మా బిల్డింగు మూడో అంతస్తులో, పడకగది మూలనున్న బల్లే అతని ఆఫీసు. పగలంతా అక్కడ గోడలూ కిటికీలూ గీస్తాడు. సాయంత్రం అక్కడే కూర్చుని స్నేహితులతో కంప్యూటర్‌లో ఫుట్‌బాల్ ఆట ఆడతాడు. వంట అయ్యాక మా వదిన రుబా అదే తెర మీద సీరియల్ చూస్తుంది.

మానిటర్‌లో అడ్డంగా ఒక పచ్చగీత పడ్డ రోజు నుంచీ అన్నకు వేరే ధ్యాస లేదు. కొనేది ఒక్కటే, అది మూడు పనులకూ పనికిరావాలి. ప్లాన్లో సన్నటి గీత చెదరకూడదు. ఆటలో బంతి వెనక నీడ తోకలా సాగకూడదు. సీరియల్లో చీకటి బూడిదరంగులో కాక నల్లగా కనిపించాలి. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి సందేహాలన్నీ నా దగ్గరికే మోసుకొచ్చేవాడు. ఒళ్లో వాళ్ల పాపను జోకొడుతూ, సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారితే కంటికి తేడా తెలుస్తుందో చెప్పేదాన్ని. పిల్లల్ని తెరకు ఎంత దూరంలో కూర్చోబెట్టాలో కూడా చెప్పేదాన్ని. అది మాత్రం అతని చెవికెక్కేది కాదు.

అన్న తీరే అంత. కొడుకు పుట్టినప్పుడు పేరు తేల్చుకోలేక, ఆస్పత్రి నుంచి వాడిని 'రుబా కొడుకు'గానే ఇంటికి తెచ్చాడు. పిల్లి అడ్డొస్తే ఆగి దారిచ్చే మనిషి, ఎవరి సొమ్మూ ఆశించనివాడు. కాకపోతే ఒక వస్తువు మీద చూపు నిలిచిందంటే పక్కన బాంబు పేలినా వినిపించదు.

రెండో అంతస్తులో అబూ వాయిల్ ఉంటాడు. పెళ్లి వీడియోలు కూర్చి ఇవ్వడం ఆయన పని. వేసవి వస్తే పెళ్లిళ్లతో ఆయనకు ఊపిరాడదు. ఆయన మానిటర్ పెద్దది, రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. కొనబోయే ముందు దాన్నొకసారి చూడాలని అన్న కిందికి దిగాడు. ఆయన బావమరుదులు అజ్లూన్ నుంచి వచ్చి కాఫీ తాగుతున్నారట. అన్న వాళ్లకు సలాం చెప్పి, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి, ఇంత చక్కని తెర ఊళ్లోనే లేదన్నాడు.

"నీదే అనుకో" అన్నాడు అబూ వాయిల్.

మెచ్చుకున్న వస్తువు గురించి మా వైపు ఎవరైనా మర్యాదకు అనే మాటే అది. "నీ దగ్గరుంటేనే దానికి అందం" అని బదులివ్వాలి. మా పిల్లలకు మాటలతో పాటే వచ్చే జవాబు. కానీ అన్న తల నిండా ఆట వేగమే ఉంది. అంత వేగానికి మామూలు వైరు చాలదని ఎక్కడో చదివాడు. అలాంటి మానిటర్ కొంటే వైరు పెట్టెలోనే ఇస్తారా అన్నది అతని సందేహం.

"వైరు కూడా వస్తుందా బాబాయ్?"

అబూ వాయిల్ బావమరుదుల వైపు చూసి, "వస్తుంది నాయనా, వైరు లేకుండా ఎలా ఇస్తాను?" అన్నాడు. అన్న సంతోషంగా పైకొచ్చి, వైరు విడిగా కొనక్కర్లేదని మాకు చెప్పాడు.

మర్నాడు శుక్రవారం నమాజు అయ్యాక అబూ వాయిల్ మెట్లెక్కి వచ్చాడు. చేతుల్లో దుప్పటి చుట్టిన మానిటర్, దాని మీద మడిచిపెట్టిన వైరు. గుమ్మంలో పెట్టి, దీవించి, నీళ్లయినా తాగకుండా దిగిపోయాడు. వదిన జరిగిందంతా అన్న చేత ఒక్కొక్క మాటే చెప్పించింది. విన్నాక, "నీకు కావాల్సింది తెర కాదు, ఒక జత చెవులు" అంది. అన్న మంచం మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

తిరిగి ఇవ్వడానికి వెంటనే దిగాడు. ఆయన తలుపు సగమే తీశాడు. బావమరుదులు ఊళ్లో చెప్పేసుంటారని, ఇప్పుడు పుచ్చుకుంటే ఇచ్చి లాక్కున్నాడనే పేరొస్తుందని అన్నాడు. పోనీ కొత్తది కొనిస్తానంటే, "నేనిచ్చినదానికి వెల కడతావా?" అని తలుపు మూశాడు.

అన్న ఆ దుప్పటి విప్పలేదు. అబూ వాయిల్ చిన్న లాప్‌టాప్ మీద కళ్లు చికిలించుకుని పని చేస్తున్నాడని వాళ్లావిడ మెట్ల మీద నాతో అంది. ఒక పెళ్లివారు వచ్చి, వీడియోలో పెళ్లికూతురి తెల్లబట్టలు పసుపుపచ్చగా వచ్చాయని గొడవ పెట్టి వెళ్లారు. ఆ కేకలు మూడో అంతస్తు దాకా వినిపించాయి. అన్నకు అన్నం సయించలేదు. ఆయన ఎదురుపడతాడని, గేటు చప్పుడైతే మెట్ల మధ్యలోంచి వెనక్కి వచ్చేసేవాడు.

బావమరుదులు మళ్లీ వచ్చారని తెలిసి, అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. వదినా నేనూ పిల్లలతో వెంట వెళ్లి ఆడవాళ్ల గదిలో కూర్చున్నాం. మధ్య తలుపు తెరిచే ఉంది. కాఫీ ఇచ్చారు. అన్న కప్పు పెదవికి తాకించకుండా నేల మీద పెట్టాడు. పిల్లనడగడానికి వచ్చినవాళ్లు అలా పెడతారు, ఒప్పుకున్నాకే తాగుతారు.

"ఏమిటిది? పిల్లనడగడానికి వచ్చావా?" అన్నాడు ఒక బావమరిది. "మా బావకు ఉన్నది మగపిల్లలే."

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు.

"నాకో కోరిక ఉంది బాబాయ్. తీరిస్తేనే తాగుతాను."

"చెప్పు."

"ఆ రోజు మీరన్న మాట నేను వినలేదు. బొమ్మ చూస్తూ ఉండిపోయాను. వైరు సంగతి షాపులో అడగాల్సింది, మీ ముందు అడిగాను. ఇంటికొచ్చి అడుక్కున్నవాణ్ణయ్యాను. నా పిల్లల ముందు తలెత్తుకోలేకపోతున్నాను. ఆ తెర మళ్లీ మీరు తీసుకోవాలి. అదే నేను అడిగేది."

బావమరుదుల్లో ఒకాయన ముసిముసిగా నవ్వాడు. తక్కినవాళ్లు అందుకున్నారు. వైరు మాట ఒకరి నుంచి ఒకరికి పాకి, కాసేపు గదంతా నవ్వులే. వదిన తల దించుకుని తలగుడ్డ అంచుతో పాప మూతి తుడుస్తూ కూర్చుంది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.

"నవ్వింది చాలు" అన్నాడు అబూ వాయిల్. తర్వాత అన్నతో, "తాగు. నువ్వు అడిగింది ఇచ్చాను" అన్నాడు.

అన్న చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగాడు. పైకెళ్లి మానిటర్ తనే మోసుకొచ్చాడు. అబూ వాయిల్ దాన్ని బల్ల మీద నిలిపి, వైరు తగిలించాడు. తెర వెలిగి, తెల్లబట్టల్లో ఎవరో పెళ్లికూతురు నిలబడింది. బావమరుదులు లేచి చుట్టూ మూగారు. మా అన్న గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, రెండూ కాళ్లకు ఎక్కాక కూడా, తెర వైపు తలెత్తకుండా అలాగే వంగి ఉండిపోయాడు.