ఫ్రేముకు ఇనుము

మా అన్నకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. డోన్ నుంచి కర్నూలుకు రైల్లో తీసుకుపోయేది నేనే. ఒకరోజు పొద్దున గోడవైపు తిరిగి పడుకుని, "ఇంక నేను రానప్పా, నన్నొదిలేయండి" అన్నాడు. వదిన వంటింట్లోకి పోయి ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. మంచం మీది మనిషిని కోప్పడలేం, అదో బాధ.

అన్న వయసులో ఉన్నప్పుడు రైలు బొగ్గింజన్ మీద పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్. రిటైరయ్యాక అలాంటి ఇంజన్నే చిన్నదిగా, నిజంగా ఆవిరితో నడిచేలా చేయాలని ముచ్చటపడ్డాడు. నేను లేతు మిషన్ మీద ఇనుము కోసే పనివాణ్ణి కాబట్టి సాయం చేస్తానన్నాను. జబ్బొచ్చాక ఆ మాట మూలపడింది. ఆ పొద్దున దాన్నే మళ్లీ కదిపాను.

"ఫ్రేముకు ఇనుము చూడాల కదన్నా. ఆసుపత్రికి పోయే దావలోనే అంగడి ఉండాది."

అన్న ఇటు తిరిగాడు.

ఇంజన్‌కు రెండు పక్కలా నిలబడే పొడవాటి ఇనుప పట్టీలే ఫ్రేము. చక్రాలూ బాయిలరూ దాని మీదే. పట్టీ ఏ కాస్త వంగినా చక్రాలు బిగుసుకుంటాయి. అంగట్లో నేను అద్దంలా మెరిసే పట్టీ తీసి చూపించాను.

"దీన్ని చల్లగా ఉండంగనే పట్టి లాగింటారురా. ఆ బిగువంతా లోపలే ఉంటాది. ఒక పక్క కోస్తే వంగిపోతాది. కాల్చి సాగదీసిన నల్లది చూడు" అన్నాడు అన్న.

ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసే చూపించాను. అన్న నల్ల పట్టీ ఒకటి ఎత్తి, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూసి, బాగుండాదన్నాడు. నేను లాక్కుని చూసి, నడుమ వంపుందన్నాను. వంపూ లేదు, పాడూ లేదు. ఇనుము దొరికిపోతే ఎల్లుండి కర్నూలుకు ఏం చెప్పి తీసుకుపోవాలి?

అట్లా వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక తప్పు పట్టేవాణ్ణి. ఒకదానికి తుప్పన్నాను, ఒకటి పలచనన్నాను. అంగడి భాయ్ విసుక్కునేవాడు. "ఏమన్నా, పెండ్లికూతుర్ని చూసినట్ల చూస్తాండారు?" అనేవాడు. అన్న నవ్వేవాడు. పొద్దున్నే తనే చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. వదిన నాకు కాఫీ ఇస్తూ కళ్లతోనే దండం పెట్టేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఎండాకాలం వచ్చేసరికి అన్న ఎముకల గూడయ్యాడు. ఆరోజు కర్నూలు స్టేషన్‌లో ఎక్కిన ఆటో అంగడి ముందు ఆగినా దిగలేదు. "ఏదో ఒకటి తీసుకురా భాయ్" అన్నాడు. భాయ్ చేతికందిన పట్టీ తెచ్చి ఒళ్లో పెట్టాడు. అన్న దాన్ని కంటికి ఆనించలేదు. బాగుండాది, ఇదే తీసుకుందామన్నాడు.

అది నిజంగానే వంగి ఉంది.

"అన్నా, ఇది వంగింది. చక్రాలు తిరగవు."

"తెలుసురా."

"మరి వద్దు. ఇంకోటి చూద్దాం."

"ఇన్నాళ్లూ నువ్వు వద్దన్నవన్నీ నేరుగానే ఉండాయి. నేనేమన్నా అన్నానా?" అన్నాడు మెల్లగా, నా చేయి పట్టుకుని.

ఆటో అతను వెనక్కి తిరిగి, ఆసుపత్రికేనా అని అడిగాడు.

"వద్దు, మళ్లా స్టేషన్‌కే పోనీప్పా" అన్నాడు అన్న.