తలుపు మీద వేయాల్సిన మంత్రం

ఆ రోజు నేను చేసిన పనికి కుదరబోయే పెళ్లి ఆగిపోవాల్సింది, ఊపిరాడక ముగ్గురం పోవాల్సింది. ఎలా బతికి బయటపడ్డామో చెబుతాను, వినండి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రమ రాస్తోంది. నవ్వి నవ్వి కలం పట్టలేకపోతోంది, అది వేరే సంగతి.

హిందూపురంలో తనతో పనిచేసే హరీశ్‌ను పెళ్లాడతానని రమ చెప్పిన నాటి నుంచి నా ప్రాణం మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలా కొట్టుకుంది. మా ఆయన ధర్మవరంలో చీరలు నేసి నేసి కన్నుమూశాడు. ఆయనుంటే మనిషిని ఒక్క చూపులో తూచేవాడు. ఇప్పుడు ఔననాలన్నా కాదనాలన్నా నేనే. నా నోట తప్పు మాట వస్తే బిడ్డ బతుకేం కాను?

ఆ ఆదివారం హరీశ్ పెనుకొండలో మా ఇంటికొచ్చాడు. ఉత్త చేతులతో రాకూడదని ఎండుమిరపకాయలు తెచ్చాడు. వాళ్లిద్దరికీ ఒక ఆట పిచ్చి. పాచికలు వేస్తూ నోటితోనే కథ నడపాలి. రమ కథ చెబుతుంది, ఆడేవాళ్లు అందులో మనుషులవుతారు. నన్నూ కూర్చోబెట్టి సన్యాసినిని చేశారు. నేను ఎవరి మీద మంత్రం వేస్తే వాళ్లలోని గుణం కనబడుతుందట. మంచైతే తెల్లని వెలుగు, చెడైతే నల్లపొగ. హరీశ్ నాకు దారి చూపే బంటు.

కథలో పాడుబడిన కోట దగ్గరికి చేరాం.

“అమ్మా, తలుపు మీద మంత్రం వెయ్యి,” అంది రమ.

“హరీశ్ మీద వేస్తా.”

“తలుపు మీదమ్మా! లోపల రాక్షసుడు ఉండాడో లేడో తెలియాల కదా.”

“తలుపుకేమన్నా బిడ్డనిస్తాండానా నేను? వాని మీదే.”

పాచిక వేశాను. మంత్రం పారింది. రమ ముఖం పాలిపోయింది. ఆటలో కథ చెప్పేవాళ్లు అబద్ధమాడకూడదట.

“నల్లపొగ,” అంది మెల్లగా.

నేను పాచిక పక్కకు తోసేశాను.

“యాడ నుంచి?”

“గుండెలోంచి. అమ్మా, అది ఆటలో...”

“నోరు ముయ్!”

ఇంకో పరీక్ష మిగిలింది. నీళ్ల పొయ్యిలోంచి నిప్పులు పాత పెనంలో వేసుకొచ్చాను. హరీశ్ తెచ్చిన మిరపకాయలే పిడికెడు తీసి వాడి చుట్టూ తిప్పాను.

“నేనేం చేసినానమ్మా?” అన్నాడు హరీశ్.

“కదలాకు. నిప్పే చెబుతాది.”

మా వైపు లెక్క మీకు తెలిసిందే. దిష్టి తీసిన మిరపకాయలు ఘాటెక్కి దగ్గొస్తే మనిషి మీద ఏమీ లేనట్టు. ఘాటు రాకపోతే ఏదో చెడు పట్టుకునే ఉన్నట్టు.

కాయలు మాడి బొగ్గయ్యాయి. ఒక్క దగ్గు లేదు, ఒక్క తుమ్ము లేదు. బిడ్డను వెనక్కి లాక్కుని పట్టకారు ఎత్తాను, అదేదో కత్తయినట్టు.

“లెయ్యి! నా బిడ్డ జోలికి రావాకు!”

హరీశ్ వెళ్లి చెప్పులేసుకుంటున్నాడు. రమ ఏడుస్తూనే పెనంలోకి తొంగిచూసి, హరీశ్ వైపు చెయ్యి చూపింది.

“ఆయప్ప తెచ్చిన కాయలేనా ఇవి?”

“ఔ. వాని దిష్టికి వానివే.”

“అవి బ్యాడగి కాయలమ్మా! రంగుకు తెస్తారు, కారముండదు. ఊరంతటికీ దిష్టి తీసినా దగ్గు రాదు!”

“మరి నల్లపొగ?”

“కథలో ఆయప్పను బంటు వేషంలో దొంగను చేసింది నేనే! చివర్లో బయటపెడదామనుకుంటే నువ్వు ముందే పట్టేస్తివి.”

భయం అంత తొందరగా దిగుతుందా? హరీశ్‌ను రెక్కపట్టి మళ్లీ కూర్చోబెట్టాను. ఘాటు బయటికి పోకుండా తలుపులు, కిటికీలు మూశాను. మా జాడీలోని గుంటూరు కాయలు దోసెడు తీసి, దిష్టి తిప్పి, నిప్పుల్లో పోశాను.

ఆ తర్వాత నాకు తెలిసింది ముగ్గురం వీధిలో పడి దొర్లడమే. కళ్లూ ముక్కులూ ఏకధార. పక్కింటాయన నీళ్ల బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు.

“ఏమ్మా, యాడ అంటుకునింది?”

“ఏం లేదప్పా,” అన్నాను దగ్గుతూ, “అల్లుడు... మంచోడే!”

పెనుకొండ కొండ సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట మంత్రం తలుపు మీదే వేస్తాను. మనిషి గుణం తేల్చడానికి మిరపకాయ ముట్టను. ఒకవేళ మనవరాలు పుట్టి, దానికి సంబంధం చూడాల్సి వస్తే మాత్రం, కిటికీలు తెరిచిపెట్టి కాయలు నిప్పుల్లో వేస్తాను.