రిపోర్టులో లేని సంగతి

నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికే నేను అనంతపురంలో ఒక గుండె ఆసుపత్రిలో ఎకో టెక్నీషియన్‌ని. ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి, శబ్ద తరంగాలతో గుండె కదలికను తెర మీద చూసి కొలవడం నా పని.

నల్లమాడ దగ్గరి పల్లె నుంచి లక్ష్మీదేవక్క వచ్చింది. చెనిక్కాయ చేలల్లో కూలి పని. పది అడుగులు వేస్తే ఆయాసం. ఆమెకు సీఆర్టీ పెట్టాలా వద్దా అని డాక్టరుగారి ఆలోచన. గుండెకు రెండు పక్కలా తీగలు పెట్టి, గోడలన్నీ ఒకేసారి ముడుచుకునేలా చేసే పేస్‌మేకర్ అది. పెట్టిన ప్రతివాళ్లకూ గుణం కనిపించదు. ఎవరికి పనిచేస్తుందో ముందే అంచనా కట్టడానికి ఎకో కొంత సాయపడుతుంది. ఆమె గుండెలో నడిగోడ ముందే ముడుచుకుంటోంది, పక్కగోడ తీరిగ్గా తర్వాత వస్తోంది. ఇలాంటివాళ్లకే ఇది బాగా పనిచేస్తుంది.

"ఈమెకు తప్పకుండా గుణమిస్తుంది సార్" అన్నాను. నా చూపు మీద నాకు కాస్త గర్వం. ఇప్పటికీ పూర్తిగా పోలేదు లెండి.

పేస్‌మేకర్ పెట్టిన ఆరు నెలలకు మళ్లీ ఎకో తీశాను. గోడలు చక్కగా కలిసి కొట్టుకుంటున్నాయి. కానీ సాగిపోయిన గుండె ఏమాత్రం తగ్గలేదు. కాళ్లు వాచి ఉన్నాయి. డాక్టరుగారు కొలతలు చూసి, "తీగ చోటు మార్చాల్సి వస్తుందేమో" అని వెళ్లిపోయారు. అంటే ఇంకో ఆపరేషన్. నా మొహం మాడిపోయింది.

"మాత్రలన్నీ యేసుకుంటాండావా అక్కా?" అని అడిగాను.

"యేసుకుంటాండా మేడం. ఆ ఒంట్లో నీళ్లు దీసే మాత్ర ఒగటే..." అని ఆగింది.

"అదేటికి యేసుకోవు?" గట్టిగానే అన్నాను. అంచనా తప్పిందన్న ఉక్రోషం ఆమె మీద చూపించాను.

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అది యేసుకుంటే గడియకోసారి పోవల్ల. చేన్లో మొగోళ్లుంటారు. సుట్టూ సూస్తే ఒగ చెట్టు గూడా ల్యాదు, యాడ కూసోమంటావు? ఈడికొచ్చే బస్సు గూడా నిలపరు. ఆడమనిషివని నీకు చెప్తాండా. సారుకు ఇదెట్ల చెప్పేది?"

నాకు సిగ్గేసింది. ఆమె గుండె గోడల మధ్య తేడాను మిల్లీసెకన్లలో కొలిచినదాన్ని, ఆమె పగలు ఎలా గడుస్తుందో ఒక్క ముక్క అడగలేదు.

వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. ఆ మాత్రను పని నుంచి ఇంటికొచ్చాక, సాయంత్రం వేసుకోమని మార్చి రాశారు. తీగ సంగతి తర్వాత చూద్దామన్నారు.

రెండు నెలలకు వచ్చేసరికి కాళ్ల వాపు లేదు. గుండె సైజు తగ్గింది. ఆపరేషన్ మాట మళ్లీ రాలేదు.

చివరికి నా అంచనా నిజమే అయింది. ఆ సంతోషం నాకు నిలవలేదు. ఆ రోజు నేను అడగకపోయుంటే, రిపోర్టులో ఒక్క కొలతా తప్పు లేకుండానే, ఆమెను రెండోసారి కోతకు పంపేదాన్ని.