మర్నాడు వేసిన మార్కులు

మా బడి ముందు నుంచి మెట్రో రైలు నడవడం మొదలైన రెండో ఏడు, జూన్ నెలలో, బ్యాండ్ మాస్టర్‌ను ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను అమీర్‌పేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సంగీత విభాగానికి అధిపతిని. విభాగం అంటే పెద్ద మాటే గాని ఉన్నది ముగ్గురం. గాత్రానికి ఒకరు, తబలాకి ఒకరు, వయొలిన్‌కి నేను. నాలుగోది బ్యాండ్ మాస్టర్ పోస్టు. పొద్దున ప్రార్థన దగ్గర డ్రమ్ములూ క్లారినెట్లూ వాయించే పిల్లలకు ఆయనే గురువు. అప్పటిదాకా ఉన్నాయన సొంత ఊరు వెళ్లిపోయాడు. ఆగస్టు పదిహేనుకి బ్యాండ్ సిద్ధం కావాలి.

అమీర్‌పేటలో ఎవరు ఏది నేర్పాలన్నా ముందు డెమో ఇవ్వాలి. అది సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు పెట్టిన ఆనవాయితీ. ఒక క్లాసు ఉచితంగా చెబుతారు, విన్నవాళ్లు నచ్చితే చేరతారు. మెట్రో మెట్ల దగ్గర ఆ కాగితాలు వద్దన్నా చేతిలో పెడతారు. మా యాజమాన్యం పక్కింటి నుంచి పంచదార తెచ్చుకున్నట్టు ఆ పద్ధతిని తెచ్చుకుంది. అభ్యర్థికి ఇరవై నిమిషాలు ఇస్తాం. ఎదురుగా వాయిద్యం ఎన్నడూ ముట్టని ఐదుగురు ఆరో తరగతి పిల్లలుంటారు. ఒక్కో అభ్యర్థికి వేరే ఐదుగురు. వెనక బెంచీలో ప్రిన్సిపల్, తబలా మాస్టారు, నేను మార్కుల కాగితాలతో కూర్చుంటాం.

కాగితంలో మొదటి కాలమ్ వాయిద్య ప్రావీణ్యం, రెండోది బోధన. మొత్తం మార్కుల్లో సగం మొదటి కాలమ్‌కే. ఆ నియమం నాదే. అంతకుముందు ఒకసారి సర్టిఫికెట్లు చూసి ఒకాయన్ని తీసుకుంటే, ఆయన గిటారు శ్రుతి చేసుకోలేక పిల్లల ముందు నీళ్లు నమిలాడు. అప్పట్నుంచి వాయించి చూపించనిదే ఎవర్నీ తీసుకోకూడదని పట్టుబట్టి రాయించాను. నాకు నోరు కాస్త ఎక్కువని మా వాళ్లంటారు. అబద్ధమేమీ కాదు.

ఆ రోజు ఇద్దరొచ్చారు. మొదటివాడు ప్రవీణ్, పాతికేళ్లవాడు. శాక్సోఫోన్ తీసి వాయించాడు చూడండి, పక్క క్లాసులోని పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. మా ఐదుగురు పిల్లలూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. శాక్సోఫోన్ చరిత్ర చెప్పాడు, ఇంకొకటి వాయించాడు, ఇరవై నిమిషాలు అయిపోయాయి. మొదటి కాలమ్‌లో దాదాపు నిండా మార్కులు వేశాను. రెండో కాలమ్‌లోనూ చెయ్యి ధారాళంగానే సాగింది.

రెండో అభ్యర్థి యూసుఫ్. యాభై దాటిన మనిషి. పెళ్లి ఊరేగింపుల్లో వాయించే బ్యాండులో ఇరవై ఏళ్లకు పైగా క్లారినెట్ వాయించారు. ఖైరతాబాద్ వినాయకుడి ముందు కూడా వాయించానని దరఖాస్తులో రాసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన క్లారినెట్ పెట్టె తెచ్చుకున్నారు గాని మూత తియ్యలేదు. మా స్టోర్ రూమ్‌లో ఉన్న పాత క్లారినెట్లు తెప్పించి, వాటి నోటి ముక్కలు మాత్రం ఊడదీశారు. ఊదేటప్పుడు నోట్లో పెట్టుకునే ముక్క అది. దాని అడుగున సన్నటి వెదురు రేకులాంటి రీడ్ బిగించి ఉంటుంది. ఆ రీడ్ అదిరితేనే శబ్దం. వాటిని గోరువెచ్చటి నీళ్లతో కడిగించారు. వేడి నీళ్లు పోస్తే వంగిపోతాయని పిల్లలకు చెప్పారు. తర్వాత తలా ఒకటి ఇచ్చి ఊదమన్నారు.

ఇక చూడండి గోల! కీచుమని ఒకరు, తుస్సుమని ఒకరు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన మాత్రం గోడవైపు తిరిగి నిలబడి, ఎవరు ఊదుతున్నారో చూడకుండానే తప్పులు చెబుతున్నారు. "రెండో బిడ్డా, బుగ్గలు ఉబ్బినయ్. చివర కూసున్నామె, పండ్లతోని కొరకకు. పైపండ్లు దానిమీద ఊరికె ఆనిచ్చు, అంతే." చివర కూర్చున్న అమ్మాయి పేరు హారిక. పది పన్నెండుసార్లు కీచుమనిపించాక, ఒక్కసారిగా నిలకడైన పొడుగాటి నాదం తీసింది. ఆయన ఇటు తిరిగి తల ఊపారు. ఇంకో ఇద్దరికి సుమారుగా వచ్చింది.

సమయం అయిపోవస్తోంది. మీరు వాయించలేదే అన్నాను.

"నేను ఊదితే పిల్లలు నన్నే ఇంటరు మేడం. వాళ్లది వాళ్లకు ఇనబడదు."

అది నాకు తప్పించుకునే మాటలా తోచింది. వాయించని బ్యాండ్ మాస్టర్ ఏం బ్యాండ్ మాస్టరండీ అని పిల్లల ముందే అనేశాను. ఆయన పెట్టె తెరిచారు. కింది స్థాయిలో నాలుగు స్వరాలు ఎంత నిండుగా ఉన్నాయంటే తబలా మాస్టారు కలం కింద పెట్టేశారు. పైకి వెళ్లేసరికి గాలి జారిపోయింది. నాదం చీలింది, మళ్లీ పట్టబోతే మళ్లీ చీలింది. "చాలు మేడం" అని ఆయనే ఆపేశారు. మొదటి కాలమ్‌లో సున్నా వేసి, సంతకం పెట్టి, కాగితం ప్రిన్సిపల్ రజిత గారికి ఇచ్చేశాను. ఫలితం మర్నాడు చెప్పాలి.

తీరా చూస్తే ఆయన దరఖాస్తు మీద సంతకం లేదు. అది పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ బెంచీ మీద కూర్చుని రుమాలు పెదవికి అద్దుకుంటున్నారు. రుమాలు మీద కాస్త ఎరుపు కనిపించింది. ఏమైందండీ అని అడిగాను.

"పైన ముంగట రెండు పండ్లు కదుల్తున్నయ్ మేడం. పంజాగుట్టల డాక్టర్‌కు చూపిచ్చిన. తీసెయ్యాలన్నడు. కింది సురాలు ఎట్లనో ఎల్లదీస్త. పైకి పోతే పట్టు దొరకది."

క్లారినెట్ వాయించేవాళ్ల పట్టంతా ముందు పళ్ల మీదే ఉంటుంది. కట్టుడు పళ్లు పెట్టుకుంటే మళ్లీ మొదట్నుంచీ నేర్చుకున్నట్టే. పెళ్లి బ్యాండులో అప్పటికే ఆయన చేతికి జుంజునా ఇచ్చారట. గిలక్కాయ లాంటిది, నడుస్తూ ఊపడమే పని. "కోటు గదే, టోపీ గదే. ముందట నడ్సినోన్ని, గిప్పుడు ఎన్కల నడుస్తున్న" అన్నారు. ఇక్కడ కుదరకపోతే తన తమ్ముడి బట్టల దుకాణంలో కూర్చుంటానని, మళ్లీ క్లారినెట్ జోలికి పోనని కూడా అన్నారు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే లోపటికి రానిస్తుంటిరా మేడం?"

రానిచ్చేదాన్ని కాదు. సంతకం పెట్టించుకుని వెనక్కి వచ్చేశాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అప్పటికి నాలుగేళ్లుగా నా కుడి భుజం పట్టేసి ఉంది. వయొలిన్ కమాను లాగే చెయ్యి అది. జానెడు లాగితే చాలు, సూదులు పొడిచినట్టుండేది. కచేరీలు మానేశాను. తీరిక దొరకడం లేదని అందరికీ చెప్పేదాన్ని. క్లాసులో పెద్ద పిల్లల చేత వాయించి చూపించేదాన్ని. అయినా స్కూలు వేడుకలన్నిటికీ వయొలిన్ పెట్టె మోసుకెళ్లి పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ మొదటి కాలమ్‌లో నాకు మార్కులు వేస్తే నాకూ సున్నానే. అది తలచుకుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక పదిమంది పిల్లల్నీ సంగీతం గదికి పిలిపించాను. ప్రవీణ్ పిల్లల్ని నిన్న ఏం నేర్చుకున్నారర్రా అని అడిగితే, సార్ బలే వాయించిండు మేడం అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. యూసుఫ్ పిల్లలు నేను అడక్కముందే నోటి ముక్కలు కడుక్కొచ్చారు. హారిక తన నాదం మళ్లీ తీసింది. నిన్న రానివాళ్లలో ఇంకొకరికి వచ్చింది. అయిదో అమ్మాయికి ఇంకా కీచుమంటుంటే, హారిక అటు చూడకుండానే, "నీ బుగ్గలు ఉబ్బుతున్నయే" అంది.

పరుగులాంటి నడకతో వెళ్లి రజిత గారిని పిలుచుకొచ్చాను. ఆవిడ విన్నారు. తన గదిలోకి తీసుకెళ్లి మార్కుల కాగితం ముందు పెట్టారు. మార్కులు దిద్దాలంటే కారణం రాసి ముగ్గురమూ పొట్టి సంతకాలు చెయ్యాలి.

"రూలు మీరే పెట్టిన్రు గద మేడం. ఇప్పుడు మీరే తియ్యమంటే ఎట్ల? ఊదలేనాయన్ని తీసుకున్నరని రేపు పేరెంట్స్ అడిగితే నేనేం చెప్పాలె?"

యూసుఫ్ గారి పళ్ల సంగతి చెప్పాను. ఆవిడ కరగలేదు. జాలితో పోస్టులు ఇవ్వలేం అన్నారు. సరైన మాటే. ఇక దాచి లాభం లేదని, నేను నాలుగేళ్లుగా వాయించడం లేదండీ, ఆ రూలు ఉంటే ముందు నన్ను తియ్యాలి అన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

రజిత గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకు తెల్వదనుకున్నరా మేడం? స్టాఫ్ అందరికి ఎరికనే. ప్రతి ఫంక్షన్‌కు పెట్టె తెస్తరు, మూత తియ్యరు. పిల్లలు మంచిగ వాయిస్తున్నరు గదా అని ఎవ్వరం అడగలే."

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. నాలుగేళ్లు నేను ఆడిన నాటకాన్ని ప్రేక్షకులందరూ తెలిసే చూశారు. ఆవిడ కాగితం నావైపు జరిపి, కారణం రాయమన్నారు. "మర్నాడు పిల్లల్ని పరీక్షించిన మీదట" అని రాశాను. తబలా మాస్టారిని పిలిపించి, మొదటి కాలమ్ కొట్టేసి, ఇద్దరికీ బోధన మార్కులు మళ్లీ వేసి, ముగ్గురం సంతకాలు చేశాం.

ప్రవీణ్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. అతను పెద్దగా నొచ్చుకోలేదు. "నిజం చెప్పాలంటే మేడం, పిల్లల గోల నాకు పడదు" అన్నాడు. తర్వాత బంజారా హిల్స్‌లో ఒక హోటల్లో వాయించేవాడని విన్నాను. అతని చోటు అదే.

యూసుఫ్ గారు జూలైలో రెండు పళ్లూ తీయించుకున్నారు. ఆగస్టు పదిహేనున బ్యాండ్ వాయించింది. డ్రమ్ములు ఒకచోట తొందరపడ్డాయి. క్లారినెట్లు రెండుచోట్ల కీచుమన్నాయి. ఆయన ఉత్త చేతులతో అందరికంటే ముందు నడిచారు.

నేను పదవీ విరమణ చేసేదాకా ఇంకా అయిదుగురు ఉపాధ్యాయుల్ని ఎంపిక చేశాను. డెమో మార్కులు డెమో రోజున వెయ్యకూడదని, మర్నాడు ఉపాధ్యాయుడు లేనప్పుడు పిల్లలకు ఏం వచ్చిందో విని వెయ్యాలని ఆ జూన్‌లో నేర్చుకున్నాను. అలాగే వేశాను. ఆ ఆగస్టు పదిహేనున వయొలిన్ పెట్టె ఇంట్లోనే వదిలి వెళ్లాను. ఎందుకు తేలేదని ఒక్కరూ అడగలేదు.